చూసినవారి లెక్క

ధర్మనిధి స్మారక ఉపన్యాసం, గట్టు, జోగులాంబ గద్వాల జిల్లా



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆమె పేరు నా వెనక బ్యానర్ మీద ఉంది. మండలంలో మాత్రం ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ సిస్టరమ్మే. టీకాలు, కాన్పులు, మలేరియా రక్తపూతలు ఆమె జాబ్‌చార్టులో ఉన్న పనులు. లేని పని ఒకటి ఉండేది. ఊళ్లో ఎవరైనా ప్రాణం తీసుకున్నారని తెలిస్తే ఆ రోజు సిస్టరమ్మ ఆ గడప తొక్కేవారు కాదు. చుట్టాలు వెళ్లిపోయి, వాకిలి పలుచబడ్డాక వెళ్లేవారు. వెళ్లి "ఏమైంది, ఎట్లయింది" అని అడిగేవారు కాదు. "నిద్ర పడుతున్నదా? ఇంత తింటున్నరా?" అని అడిగేవారు. ఆ ఇంటివాళ్లనే కాదు, పక్కింటివాళ్లనూ, ఆ పూట అక్కడున్న పిల్లలనూ అడిగేవారు. ఆ రెండు ప్రశ్నల వెనక ఎంత శాస్త్రం ఉందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ శాస్త్రమేమిటో, దాన్ని ఈ మండలంలో ఒక పద్ధతిగా ఎలా పెట్టుకోవచ్చో మీ ముందుంచడమే నేటి నా పని.

లెక్కకు రానివారు

2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ నివేదిక చెబుతోంది. లక్ష జనాభాకు 12.4 మంది. తెలంగాణలో 9,980 మంది, అంటే లక్షకు 26.3. దేశ సగటుకు రెండింతల పైమాటే. చనిపోయినవారి వయసు, చదువు, వృత్తి, ఆదాయం, పెళ్లయిందా లేదా, పోలీసులు రాసుకున్న కారణం, అన్నిటికీ ఆ నివేదికలో పట్టికలున్నాయి. అది ఎవరి కళ్ల ముందు జరిగింది, మొదట చేరుకున్నది ఎవరు, వారిలో పద్దెనిమిదేళ్లలోపు పిల్లలెందరు అన్న వాటికి మాత్రం పట్టిక లేదు.

బయటి దేశాల్లోనూ ఈ లెక్క ఆలస్యంగానే మొదలైంది. ఆత్మహత్యల అధ్యయనానికి ఆద్యుల్లో ఒకరైన అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్విన్ ష్నైడ్‌మన్, ఒక మరణం వెనక ఆరుగురైనా కుంగిపోయి మిగులుతారని ఒక అంచనా చెప్పారు. అది లెక్కగట్టిన అంకె కాదు, ఉజ్జాయింపు. అయినా నలభై ఏళ్లు అదే చెలామణీ అయింది. 2019లో కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన జూలీ సెరెల్, ఆమె సహచరులు సర్వే చేసి చూస్తే ఒక్కో ఆత్మహత్యకు సగటున 135 మంది తెలిసినవారు తేలారు. అందరూ ఒకేలా దెబ్బతినరు. సెరెల్ బృందమే 2014లో వీరిని వరసగా విడదీసింది: విషయం తాకినవారు, దానివల్ల కలత చెందినవారు, కొంతకాలం శోకంలో ఉండేవారు, ఏళ్ల తరబడి తేరుకోనివారు.

ఆ 135ను తెలంగాణ అంకెతో గుణిస్తే ఒక్క ఏడాదికి పదమూడు లక్షలు దాటుతుంది. అలా గుణించడం సరికాదని నాకు తెలుసు. అమెరికా ఊరు వేరు, మన ఊరు వేరు. మన దగ్గర అంకె ఇంకా పెరుగుతుందనే నా అనుమానం. సీడ్ పత్తి చేను చూడండి. సాయంత్రం మొగ్గ విప్పి మగభాగం తీసేయాలి, తెల్లారి పుప్పొడి అద్దాలి. సీజన్లో రోజూ ఇదే పని. ఒక సాలులో అత్తాకోడళ్లు, పక్క సాలులో ఇరుగుపొరుగు, గట్టు మీద పసిపిల్లలు. కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే ఆర్గనైజర్ ఇచ్చిన అడ్వాన్సు ఎంతో, వడ్డీ ఎంతో, కంపెనీవాళ్ల విత్తన శుద్ధి చూసే జీవోటీ పరీక్షలో ఎవరి విత్తనం ఫెయిలయిందో అందరికీ తెలుసు. ఒక మనిషి కష్టం ఇంత బహిరంగంగా ఉండే చోట మరణం కూడా నలుగురి మధ్యే జరుగుతుంది. ఇంట్లోనైతే భార్య, తల్లి, బడి నుంచి వచ్చిన పిల్ల. బయటైతే పక్క చేను కూలీ.

చూసినవారికి ఏమవుతుంది

అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన మానసిక రుగ్మతల సూచిక డీఎస్ఎం-5, దారుణ అనుభవం తర్వాత మనసును వెంటాడే రుగ్మత పీటీఎస్‌డీకి దారితీసే సంఘటనల్లో ఇతరుల హింసాత్మక మరణాన్ని కళ్లారా చూడటాన్ని స్పష్టంగా చేర్చింది. తనకు దెబ్బ తగలనక్కర్లేదు, చనిపోయినవారు తనకు ఏమీ కానక్కర్లేదు. చుట్టరికం లేని సాక్షుల మీద జరిగిన తొలి గట్టి పరిశోధనల్లో ఒకటి లండన్ భూగర్భ రైళ్ల డ్రైవర్ల మీద జరిగింది. 1992లో వెలువడిన ఆ అధ్యయనంలో, పట్టాల మీద మరణం చూసిన డ్రైవర్లలో సుమారు ఆరింట ఒక వంతు మందికి పీటీఎస్‌డీ లక్షణాలు కనిపించాయి. వాళ్ల తప్పేమీ లేదు, ఆ మనిషెవరో తెలియదు. అయినా ఆ దృశ్యం పిలవకుండా వస్తుంది, నిద్ర చెడుతుంది, ఆ చోటికి పోవాలంటే కాళ్లాడవు. ఇక్కడ గద్వాల మీదుగా రైలు నడిపే లోకోపైలట్‌ది కూడా అదే ఉద్యోగం, అదే గుండె.

చనిపోయినవారు దగ్గరివారైతే ఇంకో ప్రమాదం ఉంది. బ్రిటన్‌లో అలెగ్జాండ్రా పిట్‌మన్ బృందం ఆప్తులను పోగొట్టుకున్న 3,432 మంది యువతీయువకుల వివరాలు సేకరించి 2016లో ప్రచురించింది. ఆకస్మికమే అయినా సహజ కారణాలతో ఆప్తులు పోయినవారితో పోలిస్తే, ఆత్మహత్యలో ఆప్తులను పోగొట్టుకున్నవారు తామూ ఆ ప్రయత్నం చేసే అవకాశం సుమారు 65 శాతం ఎక్కువగా తేలింది. చూసిన ప్రతివారూ రోగులవుతారని దీని అర్థం కాదు. ఎక్కువమంది నెల రెండు నెలల్లో తమంతట తామే కుదుటపడతారు. ఆ కుదుటపడనివారు ఎవరన్నదే ప్రశ్న. మళ్లీ వెళ్లి చూడకపోతే వారిని గుర్తించే దారి లేదు.

చూడటమే ఒక గాయమని చెప్పడానికి పల్లెకు ఏ డీఎస్ఎమ్మూ అక్కర్లేదు. పిల్ల రాత్రిళ్లు ఉలికిపడి లేస్తే, పక్క తడిపితే, తిండి మానేస్తే "దడుసుకున్నది" అంటారు. దర్గాకు తీసుకుపోతారు, తాయెత్తు కట్టిస్తారు, దిష్టి తీస్తారు. మనం దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసే ముందు ఒకటి గమనించాలి. ఆ పిల్లకు ఏదో అయిందని ఆ ఇల్లు గుర్తించింది. ఒక పూట పని మానుకొని ఆ పిల్ల కోసం నడిచింది. మన ఆరోగ్య వ్యవస్థ ఆ పాటి కూడా చేయలేదు. తాయెత్తు కట్టిన ఇంటికి ఆశా వెళ్లి "ఇంకా ఉలికిపడుతున్నదా?" అని అడిగితే ఆ తల్లి తలుపు వేసుకోదు. పెద్దవాళ్ల బుగులు మాత్రం ఎవరికీ పట్టదు. "నా కండ్ల ముందే అయిపాయె సార్" అని ఒక మాట అనేసి, మొగవాడు పనికి పోతాడు, లేదా కల్లు దుకాణానికి పోతాడు.

మొదటి రోజు మితిమీరి, ఆ తర్వాత శూన్యం

ఇప్పుడు మన పద్ధతి చూద్దాం. మరణం తెలియగానే పోలీసులు వస్తారు. కొత్త నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 194వ సెక్షన్, పాత సీఆర్‌పీసీలో 174, శవ పంచనామా జరపాలంటుంది. ఒక హెడ్‌కానిస్టేబుల్ ప్యాడ్ మీద కాగితాలు పెట్టుకొని వేపచెట్టు కిందనో అరుగు మీదనో కూర్చుంటాడు. పంచులు చుట్టూ నిలబడతారు. చూసిన మనిషిని పిలుస్తారు. ఎన్ని గంటలకు చూసినవ్, అప్పుడు ఎట్లున్నడు, ఎవరితోనైనా పంచాయితీ ఉండెనా, అప్పులెన్ని? చెప్పింది రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టమంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత 49.87 శాతమే ఉన్న జిల్లా ఇది, రాష్ట్రంలో అట్టడుగు. చాలాచోట్ల సంతకం బదులు వేలిముద్రే. ఇంకు తుడుచుకున్నాక ఆ మనిషితో ప్రభుత్వానికి పని అయిపోయినట్టే.

చనిపోయింది రైతు అయితే చెప్పాల్సిన చోట్లు ఇంకా పెరుగుతాయి. 2004 నాటి జీవో 421, 2015 నాటి జీవో 194 కింద రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారులు విచారిస్తారు. విచారణ న్యాయమైనదే, ఆ కుటుంబానికి అవసరమైనదే. కానీ ఆ భార్య అదే పూటను మొదట ఎస్సైకి, తర్వాత తహసీల్దార్‌కు, మళ్లీ డివిజన్ కమిటీకి, మధ్యలో విలేకరికి, పరామర్శకు వచ్చిన నాయకులకు, ప్రతిసారీ మొదటి నుంచీ చెప్పుకోవాలి. ఎక్కడైనా ఒక మాట తేడా వస్తే దరఖాస్తు తిరగ్గొట్టే భయం ఒకటి.

దీనికి తోడు ఇంకో భయం ఉంది. ఆత్మహత్యకు ప్రేరేపించడం నేరం, ఇప్పుడు కొత్త శిక్షాస్మృతి బీఎన్‌ఎస్ 108వ సెక్షన్. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ చనిపోతే విచారణ మెజిస్ట్రేట్ చేతికి వెళ్తుంది. వేధింపులను పట్టుకోవడానికి ఆ నిబంధన ఉండి తీరాలి. కాకపోతే ఆ సమయానికి ఇంట్లో ఉన్నవాళ్లు తాము చూశామని చెప్పడానికే జంకుతారు. నిందితుడయ్యే అవకాశం ఉన్న మనిషి "నాకు నిద్ర పట్టడం లేదు" అని ఎవరితో చెప్పుకుంటాడు? అందుకే సాక్షుల ఆరోగ్య వివరాలు పోలీసు ఫైలుతో కలవకూడదు. ఎవరి రిజిస్టర్ వారిదే.

ఇంతకూ వెంటనే చెప్పించడం వల్ల గుండె బరువు దిగుతుందని మనలో చాలామందికి నమ్మకం. పాశ్చాత్య దేశాల్లోనూ ఆ నమ్మకం ఉండేది. ప్రమాదం జరిగిన వెంటనే సాక్షులను కూర్చోబెట్టి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పించే ఒక్కసారి కౌన్సెలింగ్ ఎనభైల్లో, తొంభైల్లో బాగా వ్యాపించింది. వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ కోసం రోజ్, బిసన్, వెస్లీలు 2002లో ఆ ప్రయోగాలన్నీ వడగట్టి చూశారు. పీటీఎస్‌డీ రాకుండా అది ఆపలేదు, కొందరిలో పరిస్థితిని దిగజార్చి ఉండవచ్చు కూడా. అందువల్ల ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో విడుదల చేసిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శి బలవంతాన చెప్పించవద్దంటుంది. పరిస్థితి చూడండి, వాళ్లు చెబితే వినండి, అవసరమైన సాయంతో కలపండి, అంతే.

నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది. సాక్షిని మొదటి రోజు అవసరానికి మించి అడుగుతున్నాం. నాలుగో రోజు నుంచి ఎట్లున్నవని అసలు అడగడమే లేదు. శాస్త్రం దీన్ని తిరగేయమంటోంది.

నడిరోడ్డు, ప్రజావాణి, సెల్‌ఫోన్

ఆత్మహత్యలన్నీ మూసిన తలుపుల వెనక జరుగుతాయనుకోవడం పొరపాటు. ఇంగ్లండ్‌లో ఒక కౌంటీ మరణ విచారణ రికార్డులను ఓవెన్స్ బృందం పరిశీలించి 2009లో రాసిన ప్రకారం, దాదాపు మూడో వంతు బహిరంగ స్థలాల్లోనే జరిగాయి. అదే ఏడాది మన దగ్గర జరిగింది ఎవరూ మరిచిపోలేరు. 2009 నవంబరు 29న ఎల్బీనగర్ చౌరస్తాలో అందరూ చూస్తుండగా ఉద్యమకారుడు కాసోజు శ్రీకాంతాచారి చేసిన ఆత్మహత్యా ప్రయత్నం, డిసెంబరు 3న ఆయన మరణం, ఆ తర్వాతి నెలల విషాదాలు తెలంగాణ ఉద్యమ చరిత్రలో ఉన్నాయి. ఆ త్యాగాన్ని రాష్ట్రం ఎలా గుర్తుపెట్టుకున్నదో మీకు తెలుసు. ప్రజారోగ్యం వైపు నుంచి నేను ఒక్క ప్రశ్నే వేస్తాను. ఆ రోజు ఆ చౌరస్తాలో ఉన్నవాళ్లు, ఆదుకోబోయినవాళ్లు, టీవీలో అవే దృశ్యాలు మళ్లీ మళ్లీ చూసిన అదే వయసు విద్యార్థులు, వీళ్లను ఎవరైనా వెతికి పలకరించారా?

దృశ్యాలు తిప్పితిప్పి చూపడం వల్ల జరిగే హాని ఊహ కాదు. వియన్నా నగరంలో 1987లో మెట్రో రైలు మరణాల వార్తలను ఎలా రాయాలో పత్రికలకు మార్గదర్శకాలిచ్చారు. సంచలన కథనాలు ఆగిన కొద్ది నెలల్లోనే ఆ మరణాలు బాగా తగ్గాయి. మన ప్రెస్ కౌన్సిల్ కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల మేరకు 2019 సెప్టెంబరులో మార్గదర్శకాలు తెచ్చింది: మొదటి పేజీలో పెద్దగా వేయొద్దు, పద్ధతి వర్ణించొద్దు, ఫొటోలు వద్దు. విలేకరికి కౌన్సిల్ ఉంది. ఫోన్ చేతిలో ఉన్న కుర్రాడికి ఎవరున్నారు? ఊరి వాట్సాప్ గ్రూపులో పడ్డ వీడియో సాయంత్రానికి రాయచూర్ వైపూ చేరుతుంది, అక్కడ లేని వెయ్యి మందికి చూపిస్తుంది. ఆ ఫార్వర్డ్ ఆపడం మన ఇంట్లో మనం చేయగలిగిన ప్రజారోగ్య పని.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో పాస్‌బుక్ కోసమో, హద్దు గొడవ తీర్చాలనో తిరిగి తిరిగి విసిగిన మనిషి అధికారి ఎదుటే ప్రాణం తీసుకోబోయిన వార్తలు రాష్ట్రంలో తరచూ చూస్తున్నాం. ఆ మనిషి తన ముందు నిలబెట్టుకునే సాక్షి ప్రభుత్వమే. తన మాట విన్నట్టు కనపడని చోట, చూడక తప్పని పరిస్థితి తెచ్చే తెగింపు అది. చట్టం మాత్రం రెండు నాల్కలతో మాట్లాడుతోంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యాయత్నం చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్ ఆత్మహత్యాయత్నాన్నే నేరంగా చూసిన పాత 309ని తీసేసింది గానీ, ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేసే ఉద్దేశంతో ప్రయత్నిస్తే ఏడాది దాకా జైలు అని 226వ సెక్షన్‌లో పెట్టింది. కోర్టులు దీన్ని ఎలా పొందికపరుస్తాయో చూడాలి. ఈలోగా కలెక్టరేట్‌లో కేసు రాసేవాళ్లతో పాటు, ఆ మనిషిని పక్క గదిలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి మాట్లాడేవాళ్లు ఒకరైనా ఉండాలి. కౌంటర్ వెనక ఆ పూట అంతా చూసిన జూనియర్ అసిస్టెంట్‌ను కూడా మరునాడు పలకరించాలి.

పక్కనున్న మనిషి బలం

ఇప్పటిదాకా సాక్షికి కలిగే నష్టం చెప్పాను. సాక్షి వల్ల కలిగే మేలు కూడా ఉంది. ప్రాణం తీసుకోవాలన్న తెగింపు మనిషిలో చాలాసార్లు నిలకడగా ఉండదు. తీవ్రమైన ఘడియ దాటితే మనసు మారడానికి ఆస్కారం ఉంటుంది. అందుకే పక్కన ఎవరున్నారు, వాళ్లేం చేశారన్నది ప్రాణం మీది మాట. బ్రిటన్‌లో సమారిటన్స్ సంస్థ, రైల్వే యాజమాన్యం, రైల్వే పోలీసులు కలిసి 2017లో ప్రయాణికుల కోసం ఒక ప్రచారం మొదలుపెట్టాయి. ప్లాట్‌ఫారం మీద ఎవరైనా తేడాగా కనిపిస్తే "టైమెంతయింది?" అన్నంత చిన్న మాటతోనైనా పలకరించమన్నాయి. ఆ మాటకు మందు గుణమేమీ లేదు. ఆలోచన తెగడానికి అది చాలు.

ఆ పలకరింపును ఒక పద్ధతిలో పెడితే ఏమవుతుందో చెన్నైలో కూడా చూశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో, చెన్నైతో సహా ఐదు కేంద్రాల్లో, ఆత్మహత్యాయత్నం తర్వాత ఆస్పత్రికి వచ్చిన 1,867 మంది మీద చేసిన ప్రయోగం ఫలితాలు 2008లో వచ్చాయి. సగం మందికి మామూలు చికిత్స. మిగతా సగం మందికి అదనంగా ఒక గంట మాట్లాడటం, పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేయడమో ఇంటికి వెళ్లడమో. మొదటి వర్గంలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో మరణించారు. రెండో వర్గంలో 0.2 శాతం. కొత్త మందు లేదు, యంత్రం లేదు. మళ్లీ మళ్లీ వెళ్లడమే చికిత్స.

మాటకైనా, ఇంటింటి ప్రయత్నానికైనా హద్దులున్నాయని కూడా చెప్పాలి. శ్రీలంకలో 180 పల్లెల్లో ఇంటింటికీ పురుగుమందులకు తాళం పెట్టెలిచ్చి చూశారు. 2017లో వచ్చిన ఫలితం నిరాశపరిచింది, తేడా రాలేదు. అదే దేశం ప్రమాదకరమైన మందులను ఒక్కొక్కటిగా నిషేధించినప్పుడు మాత్రం మరణాలు భారీగా తగ్గాయి. ఇంటింటికీ వెళ్లడం ఆశా చేతిలో ఉంది, నిషేధం ప్రభుత్వం చేతిలో ఉంది. ఒకటి చూపించి రెండోదాన్ని తప్పించుకోకూడదు.

గట్టులో మొదలుపెట్టదగినవి

ఆశాల మీద మరో భారమా అని మీరు అడగవచ్చు. పశ్చిమ గోదావరి పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారు ట్యాబ్‌లు ఇచ్చి ఆశాలతోనే మానసిక ఆరోగ్య పరీక్షలు చేయించారు. శిక్షణ, పై డాక్టరు తోడు, చేసిన పనికి డబ్బు ఉంటే ఆశాలు చేయగలరని తేలింది. ఆ మూడూ లేకుండా పని అప్పగిస్తే అది ఆశాలకు అన్యాయం. అది ముందు చెప్పి, నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి, పీహెచ్‌సీలో ఒక విడి రిజిస్టర్. అందులో చనిపోయినవారి పేరు అక్కర్లేదు. ఆ సమయంలో ఎంతమంది ఉన్నారు, పిల్లలెందరు, మొదట చేరిందెవరు, ఎవరిని ఎప్పుడు కలిశారు. సాక్షుల పేర్లు పోలీసులకు గానీ, ఏ కమిటీకి గానీ పోకూడదు.

రెండు, వెళ్లే రోజులు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. మూడొద్దులు, పదకొండొద్దులు, నెల మాసికం, ఏడాది, మన ఇళ్లలో ఆ లెక్క ముందే ఉంది. మూడో రోజు వింటే చాలు. పదకొండో రోజున నిద్ర, తిండి, తాగుడు అడగాలి. నెలకు కూడా ఉలికిపాటు తగ్గకపోతే జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుడికి చూపించాలి. ఏడాది నాటి తిథి గండం లాంటిది, ఆ వారం తప్పక పలకరించాలి.

మూడు, బడి. చూసిన పిల్ల క్లాసులో ఉందని పంతులమ్మకు తెలియాలి. పిల్లతో ఆ చూసింది మళ్లీ చెప్పించకూడదు. పక్కన కూర్చునే స్నేహితురాలిని మార్చకపోవడం, తోటిపిల్లల ప్రశ్నల నుంచి కాపాడటం చాలు.

నాలుగు, 108 సిబ్బంది, కానిస్టేబుళ్లు, లోకోపైలట్లు, గుంపులో ముందుకొచ్చి ఎత్తినవాళ్లు. వీళ్లు పదే పదే చూసేవాళ్లు. "అలవాటైపోయింది" అన్నవాడిని ఇంకోసారి అడగాలి.

వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. 2022 నవంబరులో కేంద్రం ప్రకటించిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం 2030కల్లా మరణాలను 10 శాతం తగ్గించాలంది. మూడేళ్లలో నిఘా వ్యవస్థ, ఐదేళ్లలో ప్రతి జిల్లాలో మానసిక వైద్య ఓపీ అని గడువులూ పెట్టుకుంది. మొదటి గడువు 2025 నవంబరుతో దాటింది. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక సాయం సేవ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, పైసా ఖర్చు లేదు. ప్రాణం మీదికి తెచ్చుకునే ఆలోచన వచ్చినవాళ్లకే ఆ నంబరు అనుకుంటున్నారు. చూసి తట్టుకోలేకపోతున్నవాళ్లకు కూడా అదే నంబరు. ఈ సభలో అలాంటివారు ఉంటే, ఇంటికి వెళ్లేలోపు చేయండి. ఒంటరిగా చేయలేకపోతే పక్కవారిని తోడు పెట్టుకోండి.

పరిశోధకులకు చివరి మాట. ఈ మండలం మీద అక్షరాస్యత గురించీ, సీడ్ పత్తిలో బాలకార్మికుల గురించీ, వలసల గురించీ నివేదికలు వచ్చాయి. జనం మనల్ని చాలాసార్లు కూర్చోబెట్టి చెప్పారు, మనం రాసుకొని పోయాం. సాక్షుల మీద పరిశోధన చేయడానికి వస్తే రెండు మూడు నెలలు ఆగి రండి. ప్రశ్నావళితో పాటు ఫలానా డాక్టరు, ఫలానా వారం చూస్తారు అన్న చీటీ పట్టుకొని రండి. ఆ చీటీ లేని చోట ప్రశ్న వేసే హక్కు మనకు లేదు. మన ఎథిక్స్ కమిటీలు దీన్ని మొదటి షరతుగా పెట్టాలని కోరుతున్నాను.

జిల్లా వైద్యాధికారులు, మండల అధికారులు ఈ సభలోనే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. వచ్చే ఏడాది ఇదే వేదిక మీద ఎవరు మాట్లాడినా, ఆ రిజిస్టర్‌లోని మొదటి ఏడాది లెక్క చదివి ఉపన్యాసం మొదలుపెట్టేలా చేయండి.